వలలో పడ్డ పంది

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్నాయన నెల్లూరు వైపు సముద్రంలో చేపలు పట్టేవాడు. మాటల్లో మాటగా, "ఈమధ్య మా వలలో పంది పడింది పెద్దాయనా," అన్నాడు. శనక్కాయ చేలమీద పడే అడవిపందే అనుకున్నాను. ఇక ఊరుకుంటానా?

"నీదేముందిలేప్పా. నేను నల్లమల పక్కన పందికి వలేసి, రెండు చెవులూ పట్టి కదలకుండా నిలబెట్టినా," అన్నాను. ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగాడు.

చేపలాయన మాత్రం నవ్వలేదు. "మాది సముద్రప్పంది, డాల్ఫిన్ లాంటిది. చేపలకేసిన వలలో చిక్కుకునింది. అది చేప కాదు, మనలాగా గాలి పీల్చాల. పైకి రాలేకపోతే నీళ్లలోనే చచ్చిపోద్ది."

"మరేం చేస్తివి?"

"వల కోసేశా. ఊపిరి తీసుకునేదాకా ఇట్టా పట్టుకున్నా," అంటూ అరచేయి నా గడ్డం కింద పెట్టి, ముఖం మెల్లగా పైకెత్తాడు.

"కూడు పెట్టే వల గదప్పా?"

"అవును. ఇంకా కుట్టుకుంటానే ఉండా. అదయ్యేదాకా చేపల ఏటకు పోలేను."

ఆ చేయి తీసేశాక నా అబద్ధం నాకే బరువైంది. "పంది వలలోనే ఉండెనప్పా," అన్నాను. "నేనే యాపచెట్టు మీద ఉంటి."

బస్సంతా నవ్వింది. అప్పుడు ఆయన కూడా నవ్వాడు.

ఆ తర్వాత నా పందిని ఎన్నో ఊళ్లలో ఏనుగంత చేశాను. ఆయన కథను మాత్రం ఇంతవరకు ఒక్క మూర కూడా పెంచలేదు.