బోర్ల పడని బిడ్డ

మా అక్క కొడుకు ఏడో నెలలోనే పుట్టాడు. ఆదోనిలో మా నాన్న పనిచేసే జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూదిలో చుట్టి, అమ్మ వాణ్ణి బతికించింది. బతికాక అందరూ వాడికి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు.

మా వైపు బిడ్డ బోర్ల పడితే ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి పంచుతారు. బెల్లం, శనగబేడలు తండ్రి తరఫువారు తెస్తారు. ఐదో నెల నిండగానే ఎమ్మిగనూరు నుంచి అక్క అత్తగారు ఆ మూటతో వచ్చింది. వాడింకా బోర్ల పడలేదని అక్క చెప్పినా వినక, ఇరుగుపొరుగు చూస్తుండగా తనే వాణ్ణి చాప మీద తిప్పి పడుకోబెట్టింది. వాడు తల ఎత్తలేక, ముఖం చాపకు ఆనించి ఏడ్చాడు. చేతులు పట్టి లేపితే మెడ వెనక్కి వాలింది, ఎడమకాలు బిగుసుకుంది. ఆమె బెల్లం మూట మళ్ళీ ముడివేసింది.

"ఈడు నడిసేది కల్ల. నడిసినంక పంపండి తల్లీబిడ్డల్ని మా ఇంటికి," అంది మా అమ్మతో.

నేను అప్పుడు అనంతపురం కాలేజీ నుంచి సెలవులకు వచ్చి ఉన్నాను. ఎదుటివారి తీర్పును ఖండించే ముందు వారి కొలమానమేమిటో అడగాలని చర్చాపోటీల్లో మాకు నేర్పారు. అదే అడిగాను.

"నెలలు యాన్నుంచి లెక్క పెడతాండావు, అత్తా? ఇంకా రెండు నెలలు కడుపులో ఉండాల్సినోడు కదా."

"కాలేజీలో వాదించుకో, పాపా. బిడ్డ లెక్క భూమ్మీద పడినప్పటినుంచే."

పెద్దలకు ఎదురు చెప్పానని అమ్మ మందలించింది. నేను క్షమాపణ అడగలేదు, ఇప్పటికీ అడగను. నా వాదనలో లొసుగు ఉందని నాకు తెలుసు. రెండు నెలలు తీసేస్తే మెడ సంగతి తేలుతుంది, కాలి సంగతి తేలదు. ఆసుపత్రి డాక్టరు కూడా నడక ఆలస్యం కావచ్చనే అన్నాడు. ఆ "కావచ్చు"ను తల్లీబిడ్డలకు శిక్షగా మార్చే అధికారం ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న.

ఏడో నెలలో వాడు తనంతట తానే బోర్ల పడ్డాడు. అక్క ఎవరి పిలుపు కోసమూ చూడలేదు. మా ఇంటి బెల్లంతోనే ఓళిగలు చేసి, బిడ్డను చంకన వేసుకొని ఎమ్మిగనూరు బస్సెక్కింది. నేను తోడు వెళ్ళాను. అక్క అత్తవారు నేతగాళ్ళు; మమ్మల్ని చూసి వాళ్ళింట్లో మగ్గం ఆగింది. ఎవరు రమ్మన్నారని అత్తగారు అడిగింది.

"నా ఇంటికి నన్ను రమ్మనాల్నా, అత్తా? వీడు నడిసినా, నడవకున్నా ఈన్నే పెరుగుతాడు," అంది అక్క.

అత్తగారు ఓళిగ ముట్టలేదు. బావ మగ్గం కింద కాళ్ళు పెట్టుకొనే గుంతలోంచి లేచి వచ్చి, తల్లి ఎదుటే ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు.

వాడు ఆలస్యంగానే నడిచాడు. ఎడమ మడమ నేలకు ఆనదు. అదీ ఒక నడకేనా అని అత్తగారు ఇప్పటికీ అంటుంది. కాని మగ్గం ఆగినప్పుడల్లా, వాడెక్కడ గుంతలో పడతాడోనని దాని మీద చెక్కపలక కప్పేది ఆమే.