కాల్చిన గట్టు

మా అన్న చేనుకూ నా చేనుకూ నడుమ ఒక గట్టు ఉంది. జహీరాబాద్ నుంచి కోహీర్ వైపు పోతే, ఎర్ర నేలలో దాని మీద పొదలు గుబురుగా కనిపించేవి. తంగేడు, రేగు, వావిలి ఎవరూ నాటకుండానే పెరిగాయి. ఆ ఏడు రేగాకుల మీద పురుగులు చూసి, నా కందికి తెగులు అక్కడి నుంచే వస్తోందని ఊరంతా చెప్పుకు తిరిగాను. నిజం ఇప్పుడు రాస్తున్నాను. పురుగులు సాకు మాత్రమే. గట్టు చదును చేస్తే నాకు ఇంకో రెండు సాళ్ళు కలిసొస్తాయి.

అన్న ఒప్పుకోలేదు. "పురుగును తినేటియి గూడ అండ్లనే ఉంటయ్ రా. గూడు కాలవెడితే పిట్ట యాడికి పోతది?" అన్నాడు. అన్న బడికి పోలేదు, నేను పది దాకా చదివాను. ఆ మాటకు నవ్వాను.

దసరా దాటాక, అన్న సంతకు పోయిన రోజు చూసి, గట్టు పొడవునా గడ్డిమందు కొట్టాను. పక్షం రోజుల్లో అంతా ఎండింది. డీజిల్ చల్లి అంటించాను. మంట చిటపటలాడుతూ పరుగెత్తింది. కౌజుపిట్ట ఒకటి రెక్కలు అంటుకుని నాలుగడుగులు ఎగిరి నా ముందే పడింది. ఒక పాము చుట్టలు చుట్టుకుంటూ మాడిపోయింది. నేను ఆపలేదు, చూస్తూ నిలబడ్డాను. మంట అన్న కంది వరసను తాకింది.

అన్న పరుగెత్తుకొచ్చాడు. తడి గోనె సంచితో మంటను బాదుతూనే నన్ను బూతులు తిట్టాడు. సంచి విసిరి నా గల్లా పట్టుకున్నాడు. నా చేతిలో పార ఉంది. దాని కర్ర కామతో కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి ముంజేయి విరిగింది. మూడోది కూడా కొట్టేవాణ్ణే. వదిన వచ్చి మధ్యలో నిలబడింది. దవాఖానలో అన్న బండి మీద నుంచి పడ్డానని చెప్పాడు.

ఇరవై రోజులకు కంది పూతకు వచ్చింది, పచ్చపురుగు దిగింది. అంతకు ముందు ప్రతి ఏడూ గోరింకలు, తోక చీలిన నల్ల పిట్టలు పొదల్లోంచి వాలి ఏరుకుతినేవి. ఈసారి ఒక్కటీ రాలేదు. మూడు సార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. కాయ కట్టేసరికి కాయకు ఒకటి చొప్పున తల లోపల పెట్టి తింటున్నాయి.

మా వైపు కందిని దులుపుతారు. ఒకరు చెట్టు వంచి కొడితే, పురుగులు కింద పరిచిన దుప్పటిలో రాలతాయి. ఇంకొకరు దుప్పటి లాగుతూ వస్తారు. ఇద్దరు లేనిదే ఆ పని కాదు. చిన్నప్పటి నుంచీ మేమిద్దరమే చేశాం. ఆ ఒక్క చేనే అన్నకు ఏడాది తిండి.

దుప్పటి పట్టుకుని పోయాను. వదిన ఒక్కతే చెట్లను కొడుతోంది. అన్న కట్టుతో కూర్చుని ఉన్నాడు. నేను దులుపుతానన్నాను.

"నువ్వు కొడుతుంటే నేను సూడలేను. పో," అన్నాడు.

నా చేనులోకి వచ్చి ఒంటరిగా కొట్టాను. రాలినవి మట్టిలో పడి మళ్ళీ చెట్టు ఎక్కుతున్నాయి. వాటిని గుప్పిళ్ళతో నలిపాను, పిచ్చిగా మడమలతో తొక్కాను. చేతులు మోచేతుల దాకా పచ్చ చీము పూసుకున్నట్టు అయ్యాయి.

మధ్యాహ్నం వదిన వచ్చి దుప్పటి రెండో కొన పట్టుకుంది.

"మీ అన్న పంపలే," అంది. "నీ చేన్ల పురుగులు రేపు మా చేన్లకే వస్తయి. కొట్టు."

కొట్టాను. పొద్దుగూకే దాకా ఆమె దుప్పటి లాగింది. దుప్పటి నిండినప్పుడల్లా గుంటలో గుమ్మరించి, నా వైపు చూడకుండా తొక్కింది. అన్నకు సగం కంది దక్కింది. ఆ సగం వదిన దక్కించుకున్నది. నేను ఇచ్చింది కాదు.