దొరికిందనొద్దు

రక్తం తీయడం నేర్చుకుంటున్న కొత్తలో మాకింకా సూది ఇవ్వలేదు. నరాన్ని కంటితో కాదు, వేలికొసతో పట్టాలన్నారు. వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో నా మోచేతి మడత నేనే నొక్కి చూసుకుంటుంటే, పక్కసీటులోని పెద్దావిడ కొంగు తప్పించి తన చెయ్యి నా ఒళ్లో పెట్టింది.

"నాది చూడు పాపా. మా చిన్నది గూడా నా చేతిమీదనే నేర్చుకునింది."

"ఇప్పుడు యాడుండాదమ్మా?"

"ఇప్పుడు లేదు పాపా."

ఆమె మోచేతి మడతలో వేలు పెట్టి వెతికాను. నరం వెంటనే తగిలింది.

"దొరికిందమ్మా," అని చెయ్యి తీయబోయాను.

ఆమె రెండో చేత్తో నా వేళ్లను అక్కడే అదిమిపెట్టింది.

"అప్పుడే దొరికిందనొద్దు. గుడియాత్తం వచ్చేదాకా ఎతుకు."

వెతికాను. ఇప్పటికీ, పెద్దవాళ్ల చేతిలో నరం దొరికితే వెంటనే చెప్పను.