పొగడ మొక్కకు వేసిన మడ్డి

మా తోటికోడలు కొడుకు దగ్గరకు అచ్యుతాపురం వెళ్ళిపోయినప్పుడు, మా పెరట్లో తను నాటిన పొగడ మొక్కను వదిలి వెళ్ళింది. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. అప్పటికి నాకు యాభై దాటాయి. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చోబెట్టి పలక మీద దిద్దించేది.

ఈ ఏడాది వేసవిలో ఫోన్ చేసింది. "నా పొగడని కుండీలోకి తీసి ఉంచవే. ఆషాఢం ఎల్లేక వచ్చి పట్టుకెళ్తాను. ఇక్కడ డాబా మీద పచ్చటాకు నేదు."

మొక్క నడుమెత్తు ఉంది. తీయడానికి నెల ముందే చుట్టూ జానెడు దూరంలో పలుగుతో వేళ్ళు కోసి మట్టి కప్పాను. తూర్పు కొమ్మకు గుడ్డపీలిక కట్టాను, కుండీలోనూ అది తూర్పుకే ఉండాలని. తొలి వానలకు మట్టిముద్దతో సహా ఎత్తి సిమెంటు కుండీలో దింపాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. చెరుకు పొలానికని పంచదార ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మడ్డి కళ్ళంలో కుప్పగా ఉంది. చెరుకు రసం వడకట్టగా మిగిలేది అది, పొలానికి మంచి బలం. మొక్క చుట్టూ అదే నింపాను.

నాలుగో రోజుకు ఆకులు వేలాడాయి. వేలు గుచ్చితే లోపల అప్పుడే దించిన అన్నంలా వేడి. పచ్చి మడ్డి మాగుతూ వేడెక్కుతుంది. పొలంలో పల్చగా చల్లుతాం, గాలికి ఆ వేడి పోతుంది. కుండీలో ఎక్కడికి పోతుంది? మడ్డి తీసేసి, మొక్క ఉన్న చోటి మట్టే వేసి, పాక నీడలో పెట్టాను. అయినా ఆకులన్నీ రాలాయి.

ఆదివారం ఫోన్‌లో, "బాగుందా నా మొక్క?" అంది. బాగుందన్నాను. మరుసటి ఆదివారమూ అదే చెప్పాను. నోట నిజం రాలేదు. చివరికి కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపాను. "అక్కా, పచ్చి మడ్డి వేసి నీ మొక్కను ఉడికించాను."

రెండో రోజు బస్సు దిగి వచ్చింది. గోరుతో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది.

"బతికే ఉంది. ఏటే, దీన్ని కూడా సెరుకులా బండెక్కించి మిల్లుకి తోలుదామనుకున్నావా?"

"బలం వత్తాదని ఏసేనక్కా."

"బలం నీకే ఎక్కువైంది. సిగురేసేదాకా నీ దగ్గరే ఉంచు. ఏసిందంటే రాయి."

వినాయక చవితి వెళ్ళాక మొదలు దగ్గర రెండు చిగుళ్ళు వచ్చాయి. రాస్తే పట్టుకుపోతుందని రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు కుండీ కడిగి, తూర్పు పీలిక మార్చి, రాసి పంపాను.