బిక్షపతి పెన్సిల్ కార్డు

చెవి మీద పెన్సిల్ లేకుండా బిక్షపతిని నాచారంలో ఎవరూ చూడలేదు. మల్లాపూర్‌లో ఒక పంపుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ప్యాకింగ్ పని చేశాడు. పెట్టె మీద చిరునామా ముందు పెన్సిల్‌తో రాయాలి. ఇంకో ఇద్దరు చూసి సరేనన్నాకే దాని మీద సిరా దిద్దాలి. అది అక్కడి పద్ధతి. ఆ పెట్టెలు ఫిన్లాండ్‌కూ ఐర్లాండ్‌కూ పోయేవి. పదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ దేశాల మాటల పిచ్చి అలా పట్టుకుంది.

రిటైరయ్యాక ఆ పిచ్చి ఒక్క చిన్న మాట దగ్గర గూడు కట్టింది. 'మే'. ఫిన్లాండ్, ఎస్టోనియా వాళ్లు దాన్ని కాస్త కుదించి పలుకుతారు, వాళ్లకది 'మేము'. ఫ్రాన్సు పడమటి కొసన బ్రెటన్ మాట్లాడేవాళ్లకు 'నేను'. ఐర్లాండ్‌లోనూ 'నేను'. మొదటి ఇద్దరివీ ఫిన్నిక్ భాషలు, తర్వాతి ఇద్దరివీ సెల్టిక్ భాషలు. ఫోన్లో ముక్కూ మొహం తెలియని వాళ్లను బతిమాలి అడిగేవాడు. విన్నది పాత పెళ్లిపత్రికల వెనక పెన్సిల్‌తో రాసి, ఆ భాష వాళ్లు ఇద్దరు ఒప్పుకున్నాకే సిరా దిద్దేవాడు. ఆ మాటతో మొదలై ఆరేళ్లలో రెండు వందల కార్డులయ్యాయి. ఒక్కటి మాత్రం పెన్సిల్లోనే ఉండిపోయింది: 'ఈ రెండు కుటుంబాల మాటలూ ఒకే తల్లి బిడ్డలా?' అది తేలలేదని పెద్ద పెద్ద పండితులే అంటుంటే తానెవడు తేల్చడానికి!

తన పేరుతో చిన్న పుస్తకం రావాలని ఉండేది. ఆ కోరిక ఒక్కరికే చెప్పుకున్నాడు. ఉప్పల్లో ఉండే రిటైర్డ్ లెక్చరర్ నరసింహమూర్తికి. ఆరేళ్లుగా పొద్దున చాయ్ ఇద్దరూ కలిసే తాగేవారు.

"ఆ కార్డుల డబ్బా ఓ నెల నా దగ్గర ఉంచండి బిక్షపతిగారూ, నేను పుస్తకంగా కూరుస్తాను" అన్నాడాయన. నెలకు అన్న మాట ప్రకారం తిరిగిచ్చాడు కూడా. మర్యాదస్థుడు మరి!

ఎనిమిది నెలలకు ఉప్పల్లో పుస్తకావిష్కరణ అని కబురొచ్చింది. తన పుస్తకమే అనుకుని, కార్డులు చూపించమంటారేమోనని బిక్షపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని వెళ్లాడు. గుమ్మం దగ్గర పుస్తకం చేతికిచ్చారు. అట్ట మీద నరసింహమూర్తి పేరు. లోపల అక్షరం అక్షరం తన కార్డులే. తన పేరు ముందు లేదు, వెనక లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

"ఆ రెండు కుటుంబాలూ ఒకే తల్లి బిడ్డలని నేను నిరూపించాను. ఇది నా ఆరేళ్ల తపస్సు" అంటున్నాడు నరసింహమూర్తి వేదిక మీద. చప్పట్లు మోగాయి.

నోరు మూసుకుంటే ఆరేళ్లు గాలికి పోతాయి. లేస్తే, పెట్టెలు కట్టినోడి మాట ఎవడు నమ్ముతాడు? పైగా ఆ తేలని ముక్క తనదేనని పదిమందిలో ఒప్పుకోవాలి. అయినా బిక్షపతి లేచాడు.

"సార్, ఆ ఒకే తల్లి ముచ్చట ఏడికెల్లి తెచ్చిన్రు?"

నరసింహమూర్తి తడుముకోలేదు. "నా సొంత పరిశోధన."

బిక్షపతి డబ్బాలోంచి పెన్సిల్ కార్డు తీసి ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చేతిలో పెట్టాడు. "గిది నేను రాసిన. ఆఖర్ల ప్రశ్న గుర్తు ఉన్నది సూడున్రి. తేలలేదు గన్కనే సిరా దిద్దలే. తప్పుంటే నాది. సార్ ఆ గుర్తు తీసేసి అచ్చేసిన్రు."

పెద్దాయన కార్డునూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. "మరి మిగతావి?"

"మిగతాయన్నీ సిరా. అవి కరెక్టే."

నరసింహమూర్తి వేదిక దిగి దగ్గరికొచ్చాడు. "నన్ను నలుగురిలో ఇలా నవ్వులపాలు చేస్తావా?"

"నిన్ను సొంత అన్న లెక్క నమ్మిన సార్" అన్నాడు బిక్షపతి. డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి డబ్బా తెరిచాడు. అన్నిటికంటే పైన మొదటి కార్డు ఉంది. పుస్తకమంటూ వస్తే మొదటి పేజీలో పెట్టాలని రాసుకున్నది: 'నా ఆప్తమిత్రుడు నరసింహమూర్తి గారికి.'

భార్య శారదమ్మ తొంగి చూసింది. "ఆ పేరు తుడిపెయ్యరాదు?"

"సిరాతోని రాసిన" అన్నాడు బిక్షపతి. "ఎవ్వర్నీ అడగకుండనే."