నల్లోడి ముందు పెట్టిన నీళ్ల గిన్నె

మా చిన్నప్పుడు మా ఊళ్లో కుక్కలకి కూడా పరీక్ష పెట్టేవారు...

రాజాం అవతల మా ఊరు. చుట్టుపక్కల ఎక్కడైనా పిచ్చికుక్క కరిచిందని తెలిస్తే చాలు, సింహాచలం మావ నలుగురిని వెంటేసుకుని కర్రలతో వీధిలోకి దిగేవాడు. ప్రతి కుక్క ముందూ నీళ్ల గిన్నె పెట్టేవారు. తాగితే మంచిది. తాగకపోతే పిచ్చిది... అక్కడికక్కడే కర్రలు లేచేవి.

మా నల్లోడు మాత్రం గిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని మావ కాళ్ల చుట్టూ తిరిగేవాడు.

"సూసినావేటి సింహాచలం! మా నల్లోడికి పిచ్చేటి?" అని నానమ్మ అరుగు మీంచి అరిచేది.

"పిచ్చి లేదత్తా, నాకంటే పెద్ద తాగుబోతు ఈడు!" అనేవాడు మావ. వీధంతా నవ్వేది.

ఓ ఏడాది వాడి దాహం మరీ పెరిగింది. ఎలుకలు తిరిగే కుడితి గోలెం దగ్గరే కాపురం. వాకిలంతా ఉచ్చ... నీళ్లలా. ఒళ్లు కరిగి పక్కటెముకలు తేలాయి. భయమేసి అడిగితే నానమ్మది ఒకటే మాట.

"నీళ్లు తాగే కుక్కకి ఏటవుతాదిరా? ఊరుకో."

తర్వాత తాగడమే మానేశాడు. నోట్లో పుళ్లు, చొంగ, వాంతులు... సరిగ్గా అప్పుడే పక్క ఊళ్లో ఎవరినో కుక్క కరిచింది. గిన్నె వచ్చింది.

"తాగరా నాయనా... ఒక్క గుక్క తాగరా..." నానమ్మ నేల మీద కూలబడి గిన్నెని వాడి మూతికి ఆనించింది.

నల్లోడు మొహం తిప్పుకున్నాడు.

ఈసారి మావ నవ్వలేదు. "అత్తా, పిల్లోడిని తీసుకుని లోపలికెల్లిపో" అన్నాడు.

తలుపు వేసుకున్నా వినిపించింది...

పెద్దయ్యాక పశువుల ఆసుపత్రి కరపత్రాలు దొరికినవన్నీ చదివాను. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ల వల్ల కుక్కలకి జబ్బు చేసి కిడ్నీలు పాడవుతాయట. కిడ్నీలు చెడితే ఆగకుండా తాగుతాయట... చివరికి నీళ్లు కూడా ముట్టవట. అసలు పిచ్చి పట్టిన కుక్క కూడా నీళ్లు తాగగలదట! ఒళ్లు మండిపోయింది. టీకా వేయించాల్సిన చోట గిన్నె పెట్టి తీర్పు చెప్పారండీ మావాళ్లు!

ఇప్పుడు ఆ గిన్నె లేదు. టీకాలు వేసే రోజున ఇల్లిల్లూ తిరిగి కుక్కల్ని నేనే లాక్కెళ్తాను. అయినా ఏ కుక్కైనా గబగబా నీళ్లు తాగుతుంటే నిలబడి చూడలేను...

మీ ఊళ్లో ఏ పరీక్ష పెట్టేవారు? తప్పినవాటి పేర్లు గుర్తుంటే రాయండి.