టేపుతో కొలిచిన చిన్నచూపు

కొలతటేపుతో నా పరువును నేనే కొలుచుకున్న ఘనకార్యం ఇది. మొహమాటపడకుండా నవ్వండి.

అప్పుడు సూరత్‌లో సైకాలజీ ఎం.ఏ. చదువుతున్నాను. ప్రాజెక్టు: జాతి వివక్షను కొలవడం. అది గట్టెక్కితేనే డిగ్రీ. "నల్లవాళ్లంటే నీకు చిన్నచూపా?" అని అడిగితే ఎవరూ అవుననరు కదా! అందుకని దొడ్డిదారి పట్టాను. నా క్లాస్‌మేట్, టాంజానియా జోసెఫ్, ఒక కుర్చీలో కూర్చుంటాడు. వచ్చినవాళ్లు తమ కుర్చీ లాక్కుని అతనితో హిందీలో మాట్లాడాలి. వాళ్లు వెళ్లాక మధ్య దూరం కొలుస్తాను. ఎంత దూరమో అంత చిన్నచూపు.

సూరత్‌లోనే మగ్గాల పేట అయిన బమ్రోలిలో, మల్లేశం మామ గదిలో పరీక్ష పెట్టాను. నేను శాస్త్రవేత్తలా తలుపు దగ్గర కూర్చున్నాను. మామ, అతనితో మరమగ్గాలు నడిపే మన తెలుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి, జోసెఫ్ మోకాళ్లకు తగిలేదాకా కుర్చీ లాగారు! ఒకాయన చెవిని అతని నోటికి అప్పగించినంత పనిచేశాడు.

వెంటనే ప్రాజెక్టు చూసే మా మేడమ్‌కు ఫోన్ చేశాను. "మేడమ్, వివక్ష లేని మనుషులు దొరికారు!" కొలత లేదు, లెక్క లేదు, ఫలితం పేరు సమానత్వం.

"ఏంది అల్లుడా, గంత ఖుషీ?" అన్నాడు మామ, నా మీదికి వంగి. చెప్పాను. పగలబడి నవ్వాడు.

"దినమంతా మగ్గాల మోత. మాకు సగం చెముడురా! దగ్గర కూసోకుంటే ఏం ఇనొస్తది?"

"ముందే చెప్పొచ్చుగా మామా!"

"అడిగినవా? కుర్చీ గుంజుమన్నవ్, గుంజినం."

"అంటే మీకూ చిన్నచూపు ఉందా?"

"అది కుర్చీతోని తెలుస్తదా? గీ పిలగానికి రూమ్ కిరాయికి అడిగి సూడు, తెలుస్తది."

నా డిగ్రీ మగ్గంలో చిక్కిన దారంలా పుటుక్కుమంది. సంగతంతా హిందీలో చెప్పించుకుని, జోసెఫ్ లేచి టేపు అందుకున్నాడు. "భాయ్, ఒక కొలత మిగిలింది." ఒక కొస తన కుర్చీకి తగిలించి, లాక్కుంటూ లాక్కుంటూ తలుపు దాకా, నా కుర్చీ దాకా వచ్చాడు.

"నేను... గాలి కోసం కూర్చున్నాను," అన్నాను.

జోసెఫ్ తన కుర్చీ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూపించాడు. "పైగా నీకు చెముడు కూడా లేదు."

మామకు ఈ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

ప్రాజెక్టులో ఆ ఒక్క కొలతే నిజమని రాసి, మేడమ్ దయవల్ల బొటాబొటిగా పాసయ్యాను. సూరత్ మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా ఇంకెప్పుడూ టేపు తీయను. తీస్తే, ఆ టేపు గిర్రున వెనక్కి వచ్చి నా ముక్కునే కోయుగాక!